కన్నాల్లేని గుండీలు

మార్చి 4, సోమవారం

మఖమలు వచ్చేసింది. నాటకాల కంపెనీ మేనేజరు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే మోసుకొచ్చాడు, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని. వాళ్ల పాత హాలు మూసేసినప్పుడు దించిన తెరట. ముదురు ఎరుపు. ఎక్కడా చెమ్మ తగల్లేదు, ఎలుక కొరకలేదు. దాంతో కొత్త నాటకంలో రాజుకి నేలమీద జీరాడే కోటు కుట్టాలి.

"మాస్టరమ్మా, ఇంకో మూర కావాలన్నా ఈ భూమ్మీద దొరకదు. ఈ రంగు అద్దేవాళ్లు లేరిప్పుడు. ఒక్క కత్తెర గాటు తప్పిందంటే మా రాజు చొక్కాతో తిరగాల్సిందే," అన్నాడు.

అత్తయ్య కళ్లతో చూసేముందే చేత్తో చూసింది. అరచేయి ఒకసారి కిందికి రాసింది, ఒకసారి పైకి రాసింది. "నూగు ఇటు పడుకుంటోంది. కిటికీ దగ్గర పట్టు," అంది నాతో. పట్టాను. నూగు కిందికి ఉంటే గుడ్డ వెలిసిపోయినట్టుంది, తిప్పి పైకి పెట్టగానే రంగు భగ్గుమంది. "పైకే," అంది అత్తయ్య. మేనేజరు బోలెడు జాగ్రత్తలు చెప్పాలని వచ్చినవాడు ఆ ఒక్క మాటతో నోరు మూసుకుని టీ తాగి వెళ్లిపోయాడు. అదీ మా అత్తయ్య!

ఆవిడ కత్తిరిస్తుంది, నేను కుడతాను. ఈ కొట్లోకి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఇదే పద్ధతి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పితే ఏం చేస్తాం? అందుకే నేను పెద్ద కత్తెర జోలికి పోను. ఆవిడ ఉండగా నాకెందుకు ఆ తద్దినం!

ఒక్కటే బెంగ. ఇవాళ టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంది.

మార్చి 5

కుడి బొటనవేలి మొదట్లో వాపు. నేను చూడకుండా, పనిలో చీర మీద వేసుకునే చొక్కా చెయ్యి వేళ్ల దాకా లాక్కుంటోంది. అడిగితే, "ఏం లేదే, పట్టేసింది," అంటుంది. నొప్పి అనే మాట ఆవిడ నోట ఈ జన్మలో వినలేదు. గుండె నాళంలో స్టెంటు వేసినప్పుడు కూడా డాక్టరుతో, "కాస్త ఇబ్బందిగా ఉందండీ," అంది. ఆ డాక్టరు నవ్వాలో ఏడవాలో తెలియక నా మొహం చూశాడు.

ఇలాంటి మనిషి ఇంకెక్కడైనా ఉందా? నేను సూది గుచ్చుకుంటే వీధి మొత్తానికీ వినిపిస్తాను.

కానీ ఆ వేలు బాగవ్వాలి. నాటకం ఈ నెలాఖరుకి. మఖమలు కోసే చెయ్యి ఆ ఒక్కటే.

మార్చి 6

పొద్దున్నించీ మాత్రల మీద పరిశోధన చేశాను. వాపుకీ నొప్పికీ కలిపి పనిచేసేవి డాక్టరు చీటీ లేకుండా దొరికేవి రెండు రకాలున్నాయట. ఎవరిని అడిగినా వాళ్ల మాత్రే గొప్ప.

మా ఆయన బస్సు నడుపుతాడు కాబట్టి నడుం నొప్పి విషయంలో పండితుడు. "ఐబుప్రొఫెన్. గులాబీ రంగుది. వేసుకున్న గంటలో స్టీరింగు పువ్వులా తిరుగుతుంది," అన్నాడు. మేనేజరేమో, "అది పిల్లల మందండీ. మధ్యాహ్నానికల్లా దిగిపోతుంది. నాప్రోక్సెన్ తీసుకోండి, నీలంది. పొద్దున ఒకటి పడితే మా రాజు సాయంత్రం నాటకం దాకా కుంటకుండా నడుస్తాడు," అన్నాడు. ఇద్దరూ నా మిషను ముందే వాదించుకున్నారు. నేను రెండూ కొన్నాను. ఒకటి కాకపోతే ఒకటి.

మందుల షాపులో కొత్తగా కళ్లద్దాలమ్మాయి చేరింది. రెండు మాత్రల కోసం పోలీసు స్టేషన్లోలాగా ఆరాలు!

"ఎవరికండీ?"

"నాకే," అన్నాను.

"వేరే మందులేమైనా వాడుతున్నారా? గుండెకి, బీపీకి? కడుపులో పుండు ఎప్పుడైనా?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను."

"అయితే వీటిలో ఏదో ఒకటే వేసుకోండి. రెండూ ఒక జాతివే, కలపకూడదు. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. నాలుగు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి."

నా వెనకాల జనం. అత్తయ్యకని చెబితే పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతుంది. పొద్దున్నే గుండెకని వేసుకునే ఆ చిన్న ఆస్పిరిన్ సంగతీ చెప్పాలి. అది గుండెకి, ఇది వేలికి. వేలెక్కడ, గుండెక్కడ!

మార్చి 7

గులాబీతో మొదలుపెట్టాను. టిఫినవగానే మాత్ర, నీళ్లు తీసుకెళ్లాను. అత్తయ్య గుండీల పెట్టె ముందేసుకుని కూర్చుంది. అరలరలుగా ఉన్న పెద్ద చెక్క పెట్టె అది. తెల్లవన్నీ ఒక అర, గులాబీవి ఒక అర, నీలాలు ఒక అర. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా ఆవిడకి కావలసిన గుండీయే వేలికి తగులుతుంది.

"ఏమిటే ఇది?"

"వేలికి. బాగా పనిచేస్తుందట."

నా మొహంలోకి చూసింది. ఎంత ఆప్యాయంగా చూసిందో! "అక్కడ పెట్టు, వేసుకుంటాలే," అంది. కాసేపాగి వెళ్తే మాత్ర లేదు, గ్లాసు ఖాళీ.

గంటలో మనిషి మారిపోయింది. "తగ్గిందే," అంటూ కాగితం మీద కోటు కొలతలు గీసింది. చేతి వంపు గీసిన గీత ఉందే, ఒకే ఊపు. సాయంత్రం, "అలా నడిచొస్తానే," అని చేతిరుమాలు పట్టుకుని బయల్దేరింది. ఒక్క మాత్రకి ఎంత హుషారొచ్చిందో చూశావా! ముందే ఎందుకు తేలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మార్చి 8

గులాబీ. బాగుంది.

మార్చి 9

గులాబీ మధ్యాహ్నం దాటట్లేదు. మేనేజరు చెప్పింది నిజమేనేమో. మూడింటికి మళ్లీ ఎడమచేత్తో గ్లాసు.

పొద్దున నేను వెళ్లేసరికి పెద్ద కత్తెర పిడులకి మెత్తటి ఉన్నిగుడ్డ చుట్టి కుట్టేసి ఉంది. ఎంత ముచ్చటగా ఉందో. ఇన్నేళ్ల కత్తెరకి కొత్త చొక్కా తొడిగినట్టుంది. "దానికీ చలేస్తుంది పాపం," అంది అత్తయ్య. ఆవిడ జోకులకి పడి నవ్వాను.

తర్వాత, "లోపలి లైనింగు నువ్వు కత్తిరించవే, నాకు పనుంది," అంది. ఏం పనో తెలియదు, నా పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. లైనింగే కదా, ఎవరు చూస్తారని కత్తిరించాను. ఉన్నిగుడ్డ చుట్టిన పిడి చేతికి హాయిగా ఉంది. "ఊఁ," అంది. అత్తయ్య ఊఁ అందంటే చిన్న విషయం కాదు.

మార్చి 11

ఇవాళ్టి నుంచి నీలం.

మార్చి 12

నీలం అద్భుతం! ఇలాంటి మాత్ర ఒకటుందని ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదే! పొద్దున ఒక్కటి ఇస్తే సాయంత్రం దాకా ఆవిడ మొహంలో ఒక్క ముడత లేదు. కూనిరాగాలు కూడా తీసింది.

చేతికి తనే ఒక పట్టీ కుట్టుకుంది. తోలుముక్క, లోపల ఉన్ని, మణికట్టు దగ్గర పక్కకి బిగించే గుండీ. బొటనవేలు అటూ ఇటూ కదలకుండా బుద్ధిగా కూర్చుంటుంది అందులో. కొట్లో అమ్మితే ఎగబడి కొంటారు. ఏదో పైపూత వాసన కూడా వస్తోంది, డాక్టర్ని అడిగే రాసుకుంటున్నానంది. అయినా అసలు గొప్పదనం నీలానిదే.

"మఖమలు ముట్టుకునేముందు నూలుగుడ్డతో ఉత్తుత్తి కోటు ఒకటి కోద్దామే. నువ్వు కత్తిరించు, నేను తప్పులు పడతా," అంది.

"తప్పులు పట్టడం అత్తగారి హక్కు కదా," అన్నాను.

"ఇన్నాళ్లూ వాడుకోలేదే, మురిగిపోయేలా ఉంది," అంది.

నిలువు కోత ఫర్వాలేదు. చంక దగ్గర వంపులో కత్తెర ఆపేశాను. ఆపకూడదట. "భయపడ్డచోట గుడ్డ మీద మెట్టు పడుతుంది. ఊపిరి వదులుతూ తిప్పు," అంది. మళ్లీ కొత్త గుడ్డ. మళ్లీ వంపు. మధ్యాహ్నం మొత్తం వంపులే.

కళ్లద్దాలమ్మాయి వీధిలో పోతూ అద్దంలోంచి అత్తయ్యకి చెయ్యి ఊపింది. వీళ్లిద్దరికీ ఎప్పుడు పరిచయమైందో!

మార్చి 13

నీలం. బాగుంది.

మార్చి 14

నీలం. చాలా బాగుంది. మేనేజరు చల్లగా ఉండాలి.

మార్చి 16

మేనేజరు వచ్చి కోటు ఎప్పుడు కోస్తారని అడిగాడు. "మంగళవారం," అంది అత్తయ్య తడుముకోకుండా. వాడు వెళ్లాక చూశాను, పట్టీ తీసిన వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. మంగళవారం ఆ వేలు సహకరించకపోతే? మఖమలు మందం. నూలుగుడ్డలా కాదు, కత్తెరని ఎదిరిస్తుంది.

"పొద్దున నీలం, మధ్యాహ్నం గులాబీ కూడా వేసెయ్. రెండింజన్లు పెట్టినట్టు," అన్నాడు మా ఆయన.

రెండూ కలపకూడదని ఆ అమ్మాయి చెప్పిన మాట గుర్తుంది. కానీ చెప్పింది నాకు కదా. అత్తయ్యకి చెప్పలేదు కదా. ఆవిడ శరీరతత్వం వేరు, ఉక్కు మనిషి.

రెండూ ఇచ్చాను. ఇస్తే అంతే ఆప్యాయంగా చూసి, "అక్కడ పెట్టవే," అంది.

మార్చి 17, ఆదివారం

అత్తయ్య మొహం పాలిపోయి ఉంది. సరిగ్గా తినలేదు. కుర్చీలోనే కళ్లు మూసుకుంది. అలసట, అంతే. రెండూ ఇచ్చాను. అలసటే.

మార్చి 18, సోమవారం

ఇవాళ్టిది మొదట్నుంచీ రాస్తాను.

పొద్దున మంత్రి పాత్ర చొక్కాకి గుండీలు కుడుతున్నాను. నీలం గుండీలు. అరలోంచి ఒకటి తీసి సూది దింపితే దిగదు. తిప్పాను, దిగదు. గట్టిగా నొక్కితే సూది జారి వేలికి గుచ్చుకుంది, గుండీ మాత్రం పిండి రాలింది. కన్నాల్లేని గుండీ ఏమిటా అని వెలుతురులో పట్టుకున్నాను.

అది గుండీ కాదు. నీలం మాత్ర.

అర మొత్తం ఒళ్లో పోసుకున్నాను. చొక్కా గుండీల మధ్య నా నీలం మాత్రలన్నీ ఉన్నాయి. గులాబీ అర తీశాను. పిల్లల గౌన్ల గుండీల మధ్య నా గులాబీలన్నీ! మొదటి రోజుది మొదలు నిన్నటిదాకా ఒక్కటి కూడా మింగలేదు. పైగా రంగు చూసి, సైజు చూసి సర్దింది. ఈ పని మా అత్తయ్య తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు.

ఒళ్లు మండిపోయింది. చొక్కా విసిరికొట్టి వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను, రెండు గుప్పిళ్లూ తెరిచి.

"ఇదేమిటత్తయ్యా? ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారా? నేనిక్కడ గులాబీకి తగ్గింది, నీలానికి తగ్గింది అని చంకలు గుద్దుకుంటుంటే!"

"అరవకే. వీధిలోకి వినిపిస్తుంది."

"వినపడనివ్వండి! మింగకపోతే పారెయ్యచ్చుగా, గుండీల్లో వేస్తారా ఎవరైనా? పిల్లల గౌనుతోపాటు పొట్లంలోకి వెళ్లిపోతే? ఏ పసివాడో కొరికి మింగితే?"

ఆవిడ ఒక్కసారి కంగారు పడింది. "అవునే. అది మాత్రం నా బుద్ధితక్కువే. నువ్వంత ప్రేమగా తెచ్చావు, పారెయ్యడానికి చేతులు రాలేదు. పెట్టె ముందుంది, రంగు కలిసింది, వేసేశాను."

"మరి ఎందుకు మింగలేదు?"

"ఆ కళ్లద్దాలమ్మాయిని అడుగు, నాకంటే బాగా చెబుతుంది," అంది.

అలాగే చెప్పులు వేసుకుని వెళ్లాను. ఆ అమ్మాయిని కడిగేద్దామనే వెళ్లాను. ఎవరికని అడిగి నిజం రాబట్టడం చేతకాలేదా అని అడుగుదామనుకున్నాను. నోరు తెరవకముందే, "మీరు మాస్టరమ్మగారి కోడలు కదూ, కూర్చోండి," అంది.

మొదటి రోజు సాయంత్రమే అత్తయ్య ఆ గులాబీ మాత్రని చేతిరుమాల్లో చుట్టి తీసుకెళ్లి చూపించిందట. స్టెంటు వేసిన డాక్టరు, ఏ మాత్రయినా అడక్కుండా వేసుకోవద్దని చెప్పాడట. నేనూ అక్కడే ఉన్నాను, నా చెవికి ఎక్కలేదు, ఆవిడకి ఎక్కింది.

"ఆవిడ రోజూ వేసుకునే ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది కదండీ. దాని మీద ఈ మాత్రలు రోజూ పడితే కడుపులో రక్తం కారొచ్చు. ముందు ఏమీ తెలియకపోవచ్చు కూడా, మనిషి ఊరికే నీరసపడతారు, పాలిపోతారు. పైగా ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్‌ని గుండె దగ్గర దాని పని చెయ్యనివ్వకపోవచ్చు. ఆస్పిరిన్ కూడా వీటి జాతిదేనండీ. మీరు తెచ్చిన రెండూ, ఆవిడ వేసుకునేదీ, మూడూ అక్కచెల్లెళ్లు," అంది.

పాలిపోతారు అనే మాట దగ్గరే ఆగిపోయాను. నిన్నటి మొహం కళ్లముందు మెదిలింది. మింగలేదు, మింగలేదు, నా ఒళ్లో పోసుకున్నాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నీరసం దేనికంటే, నిద్రలేకనట. ఆవిడ డాక్టర్ని అడిగి వేసుకుంటున్నది ఉత్త పారాసిటమాల్, పైపూత. అవి వాపుని పూర్తిగా లాగెయ్యలేవు. వేలు సలపరించి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదని ఈ అమ్మాయికి చెప్పింది, నాకు చెప్పలేదు.

"మరి నాకొక్క మాట చెప్పలేకపోయావా అమ్మాయ్?"

"వద్దన్నారండీ. 'మా కోడలు చిన్నబుచ్చుకుంటుంది, నేను చూసుకుంటా' అన్నారు. మింగనని మాటిచ్చారు. అయినా నమ్మకం లేక రోజూ మీ కొట్టు ముందునుంచి వెళ్తూ ఆవిడ మొహం చూసి పోతున్నాను."

చెయ్యి ఊపింది అందుకా! కడిగేద్దామని వెళ్లినదాన్ని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. నాలుగు ప్రశ్నలడిగిందని విసుక్కున్నాను. ఎవరికీ తోచనిది ఆ పిల్లకి తోచింది, దానికోసం రోజూ చుట్టుదారిలో నడిచింది.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. "గంటలో మనిషి మారిపోయింది." "నీలం అద్భుతం." ఎవరు మారారు? ఏది అద్భుతం? అత్తయ్య ఏమీ మింగలేదు. ఆవిడకి తగ్గాలి, తగ్గకపోతే కత్తెర నా చేతికొస్తుంది. ఆ భయంతోనే మాత్రలు తెచ్చాను, ఆ భయంతోనే నిన్న రెండూ ఇచ్చాను. పైకి ఆవిడ గొప్పదనం అని రాసుకుంటూ వచ్చాను. ఆవిడ గొప్పదే, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కానీ నేను ఆ గొప్పదనం వెనకాల నక్కి కూర్చున్నాను.

ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"తగ్గిందని ఎందుకన్నారత్తయ్యా?"

"తగ్గిందంటే నువ్వు నవ్వుతూ కత్తిరించావు. తగ్గలేదంటే చేతులు ముడుచుకుని నా వేలు చూస్తూ కూర్చునేదానివి."

"అంటే లైనింగు, నూలుగుడ్డ, ఆ వంపులు అన్నీ..."

"మరి? నాకేం పనీపాటా లేక కూర్చున్నాననుకున్నావా?"

తర్వాత పట్టీ విప్పి చెయ్యి నా ఒళ్లో పెట్టింది.

"నొప్పిగా ఉందే. చాలా నొప్పిగా ఉంది. ఈ చెయ్యి మఖమలు కొయ్యలేదు," అంది.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట విన్నాను. స్టెంటు వేసిన రోజున కూడా అనని మాట. ఆ చెయ్యి అలా పట్టుకునే ఉండిపోయాను.

మార్చి 19, మంగళవారం

కోశాను.

మార్చి 20

నిన్న ఒక్క మాట కంటే రాయలేకపోయాను. వేళ్లు కలం పట్టలేదు.

మఖమలు బల్ల మీద పరిచి, నూగు పైకి పెట్టి, సుద్ద గీతలు అత్తయ్య చెబితే నేనే గీశాను. మా ఆయన బస్సుకి సెలవు పెట్టి గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. రెండింజన్ల సలహాకి అత్తయ్య వేసిన శిక్ష అది. మేనేజరు బయట అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే తెర లాగేశాం.

నిలువు కోతలయ్యాయి. చంక వంపు దగ్గరికి రాగానే చెయ్యి ఆగబోయింది. అత్తయ్య నా భుజం దగ్గర నిలబడి ఊపిరి వదిలింది. గట్టిగా, నాకు వినపడేలా. నేనూ వదిలాను. కత్తెర తిరిగింది. మెట్టు పడలేదు.

అత్తయ్య ముక్క పైకెత్తి కిటికీ దగ్గర పట్టుకుని అంచు వెంట ఎడమచేతి వేలు పోనిచ్చింది. చివరిదాకా పోనిచ్చింది.

"ఊఁ," అంది. తర్వాత కుర్చీలో కూలబడి చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంది. నేను చూడలేదనుకుంది.

గుండీల పెట్టె మొత్తం ఇద్దరం కలిసి ఏరాం. మాత్రలన్నీ పొట్లం కట్టి మందుల షాపులో అప్పగించమని ఇచ్చింది. నాకు ఎలాగూ అటు పనుంది. పొద్దున లేచేసరికి నా కుడి బొటనవేలు కందిపోయి, మణికట్టు దాకా లాగుతోంది.

కళ్లద్దాలమ్మాయి పొట్లం తీసుకుని లోపల పెట్టింది. నొప్పికి మాత్ర కావాలన్నాను. నా వంక అనుమానంగా చూసింది.

"ఎవరికండీ?"

"నాకే."

"నిజం చెప్పండి."

బల్ల మీద చెయ్యి పెట్టి చూపించాను. ఎర్రగా కమిలిన గుర్తు మీదకి వంగి చూసింది.

"కత్తెరా?" అంది.

"కత్తెరే," అన్నాను. ఇంత గర్వంగా ఇంతవరకూ ఏ మాటా అనలేదు.